చివరి మడికి నీళ్లొచ్చినాయి

హలో… ఆ, నేనేరా గాబ్రియేలూ, మీ అక్కను… నా గొంతేరా. నవ్వీ నవ్వీ ఇట్లయింది.

…ల్యాదు, ఎవరికీ ఏం కాలే. మిషను కాడ్నే ఉండావా? సరే, విను.

వచ్చినాయిరా.

…ఏం వచ్చినాయంటావేంది? నీళ్లు. పొద్దున నువ్వు టర్బైను తిప్పి వదిల్తివే, ఆ నీళ్లు. కాలవ చివరికి, మా మిరపచేన్లోకి.

…ఒట్టురా. మోకాళ్లలోతు కాలవలో నిలబడి మాట్లాడతాండా. చీరంతా తడిసిపాయ… నమ్మవు గదా, ఉండు, ఫోను నీళ్ల కాడ పెడతా…

…విన్యావా? టీవీ కాదు, మన కాలవే.

పవర్ హౌసులో కూచుంటే నీకేం తెలుస్తాది? ఊర్లకు కరెంటు కావల్లని సందకాడ మిషను తిప్పుతాంటివి. ఆ నీళ్లు చీకట్లో మా చేను పక్కనే పారి వంకలో కలుస్తాండె. మడికి తిప్పుకుందామంటే కన్ను కనపడదు. తెల్లారి చూస్తే కాలవ ఎండిపోయి ఉండె. మిరప తల వాల్చేసె. నిన్న కోడుమూరుకు పోయి నీళ్ల ట్యాంకరు మాట్లాడుకుందామనుకుంటి, అంత దూరం వచ్చె.

…నిన్ను అనలేదులేరా. పైనోళ్లు చెప్పినట్ల చేస్తివి.

…ఆ, మీటింగులో మీ ఇంజనీరు ఏమనె? "పగలు వదిలితే మీరు డ్యామంతా ఖాళీ చేయిస్తారు, సాయంత్రం ఊళ్లకు కరెంటు ఎక్కడి నుంచి తేవాలి" అనె. ఆయన మాటా నిజమే. "పగలు వదలండి సార్, అవే నీళ్లతో కరెంటూ వస్తాది, మళ్లు తడిసినాక నేనే ఫోన్ చేసి ఆపమంటా" అంటి. అందరూ నవ్విరి. నీళ్లు చాలన్న రైతును యాడన్నా చూసినామా అని.

…అవు, ఒక్క దినం చూద్దామనె. ఆ దినం ఇదే గదా.

కరెంటు ఎంత వచ్చె?… రోజూ వచ్చేంతనా?… నిజంగా? ఫిరోజా, కరెంటు గూడా తగ్గలేదంటనే.

…పక్క చేను ఫిరోజారా. వాళ్ల మడి గూడా నిండె. కొంగు నడుముకు చుట్టుకోని బురదలో గంతులేస్తాండాది. మనవరాలు ఉండే మనిషి.

…ఊ, ఆపమనేకే ఫోన్ చేస్తి. ఉండు, గొంతు సరిచేసుకోనీ.

గాబ్రియేలూ… చాలురా. గేటు దించు.

…చాలంటి. …నేనే అంటాండా, రెజీనానే. ఇప్పుడు దించినా కాలవలో పారే నీళ్లు మాకు సరిపోతాయి. మిగిలినవి డ్యాములో ఉండనీ. సందకాడ కరెంటుకు కావల్ల, ఎల్లుండి మళ్లా మాకూ కావల్ల.

…పక్కన ఎవరు నవ్వేది? ఇంజనీరా? స్పీకర్లో పెట్టినావా? యప్పట్నుంచిరా?… ఓరి నీ… నమస్తే సార్.

…ఆ, నేనే అంటి సార్. చాలు. …ఇంగోసారి చెప్పల్లా? చాలు సార్, గేటు దించండి.

…ఏంది సార్?… పంట అయ్యేదాకా ఇట్లనేనా? పగలే వదుల్తారా?… ఉండండి సార్, ఫిరోజాకు చెప్తా.

ఫిరోజా, ఒప్పుకున్యాడే.

గాబ్రియేలూ, మిషను రొద తగ్గుతాండాది గదా, ఫోన్లో ఈడికి వినపడతాండాది… ఫిరోజా, తిక్కదానా, నా మింద నీళ్లు సల్లొద్దే, చేతిలో ఫోనుండాది… మా తమ్ముడే, లైన్లో ఇంజనీరు సారు గూడా… వద్దే, ఫోను తడుస్తా—