ఇరవయ్యేడో ఆదివారం

"తాతా, చెన్నై వెళ్ళే ముందు ఆ ఒక్క డిస్కూ వినేయకూడదా?"

వినను.

అది రికార్డవుతోందా? ఎర్ర చుక్క వెలుగుతోందా? అయితే మళ్ళీ చెప్తాను, గట్టిగా. వినను.

ఎవరు అడగమన్నారే నిన్ను? మీ అమ్మేనా? అనుకున్నాను. "తాత దగ్గర కూచుని పాత ముచ్చట్లు ఫోన్లో పట్టు" అని పంపిందా? ఇన్నాళ్ళూ నేను నోరు తెరిస్తే చాలు, "నాన్నా, స్టవ్వు మీద కుక్కరుంది" అని పారిపోయేది. ఇప్పుడు ఉన్నట్టుండి నా ముచ్చట్లకి గిరాకీ పెరిగిపోయింది. ఎందుకు పెరిగిందో నాకు తెలీదేటి? మంగళవారం విమానం, చెన్నైలో ఆసుపత్రి, గుండెలో వాల్వు మార్పు. అంతే గదా. అరే, నేను బోటు ఇంజన్ రూములో నూనె పోసే గ్రీజరుగా చేసినవాణ్ణి. ఎన్ని వాల్వులు మార్చలేదు? వాల్వు మార్చినంత మాత్రాన ఏ ఇంజనూ ఆగిపోలేదు. సరే, ఒకటి ఆగింది. దాన్ని మార్చింది నేనే. చెన్నైలో మార్చేది నేను కాదు కదా, మరి మీ అందరికీ టెన్షన్ దేనికి?

ఆ డిస్కుల డబ్బా సంగతి నీకు సరిగ్గా తెలీదు పాపా. చిన్నప్పణ్ణించీ చూస్తున్నావు, తాత పిచ్చి అనుకుంటున్నావు. పిచ్చే, కాదన్ను. కానీ ఆ పిచ్చి నాది కాదు. థామస్ భయ్యాది.

థామస్ భయ్యా కార్ నికోబార్ దీవి మనిషి. మా బోటుకి ఇంజన్ డ్రైవరు, అంటే నా పైవాడు. నువ్వు చూళ్ళేదు. చూసుంటావేమో, పాలు తాగే గుంటవి అప్పుడు. మా బోటుకి రాకముందు ఆయన ఫారిన్ ఓడల మీద తిరిగాడు. జర్మనీలో ఏదో రేవులో ఓడ ఆగితే అందరూ వాచీలూ సెంట్లూ కొనుక్కున్నారట, ఈయన పాత సామాన్ల కొట్లో దూరి ఈ డబ్బా కొన్నాడట. మూడొందల ఏళ్ళ నాటి చర్చి పాటలు. గుంపుగా పాడేవి, వెనక వయొలిన్లు, మన సన్నాయికి దూరపు చుట్టంలాంటి బూరాలు. సంవత్సరంలో ఏ ఆదివారానికి ఆ పాట, పండగలకి వేరే పాటలు. అన్నీ ఒక్క చోట, వరసగా.

మొదటిసారి నేను విన్నది ఫీనిక్స్ బే జెట్టీలో, బోటు కట్టేసి ఉండగా. అన్నం తింటున్నాం. భయ్యా డిస్కు పెట్టాడు. నాకేటనిపించిందో చెప్పనా? జెట్టీ టికెట్ కౌంటర్ దగ్గర కొట్లాట అనిపించింది. నవ్వకు. నువ్వూ నిలబడ్డావు కదా ఆ లైన్లో. ముందువాడు "నేను ముందొచ్చాను" అంటాడు. వాడి మాట పూర్తవకుండానే వెనకవాడు అదే మాట, కొంచెం పై గొంతులో, "నేను ముందొచ్చాను" అంటాడు. ఇంతలో ఆడవాళ్ళ లైన్లోంచి ఒకామె అందుకుంటుంది, అదే మాట. ఆఖర్న మూల నుంచి ఒక బండగొంతు కూలీ, వాడికి టికెట్టే అక్కర్లేదు, వాడూ అదే మాట. నలుగురూ ఒకళ్ళ మీద ఒకళ్ళు ఎక్కేస్తారు, ఇక తలలు పగులుతాయి అనుకుంటాం, అప్పుడేమో అందరికీ ఒకేసారి టికెట్టు దొరికినట్టు, ఒక్క చోటికొచ్చి సర్దుకుంటారు. హాయిగా. ఈ మాటే భయ్యాతో అన్నాను. తంతాడనుకున్నాను. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వి, "సహీ పకడా రే, సరిగ్గా పట్టేశావు" అన్నాడు. ఆ రోజు నించీ ప్రతి ఆదివారం నా కంచం ఆయన పక్కనే.

ఆయనది ఒకటే రూలు. "జిస్ సండే కా హై, ఉసీ సండే కో." ఏ ఆదివారం పాట ఆ ఆదివారమే. డ్యూటీలో పడి తప్పిపోయిందా, మళ్ళీ ఏడాది ఆగు. ముందుకి జరపడం లేదు, వెనక్కి జరపడం లేదు. నేను ఒకసారి అడిగాను, "భయ్యా, డిస్కు మన చేతిలోనే ఉంది, మీట నొక్కితే పాడుతుంది, ఆగడమెందుకు?" అని. ఆయన, "ఆగినోడికి ఒకలాగ వినపడుతుంది, ఆగనోడికి ఒకలాగ" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు. అర్థమైనట్టు తల మాత్రం ఊపాను. పైవాడు కదా.

రిటైరై ఊరికెళ్ళిపోయేటప్పుడు ఆ డబ్బా నా చేతిలో పెట్టాడు. రూలుతో సహా. ప్లేయరు మాత్రం నేను కొనుక్కోవలసొచ్చింది. ఎంతో గుర్తులేదుగానీ, ఆ డబ్బుకి అప్పట్లో ఒక మంచి నైలాను వల వచ్చేది. ఆ సంగతి మీ అమ్మమ్మకి గుర్తుంది. కావాలంటే అడుగు, రూపాయితో సహా చెప్తుంది.

అదిగో, వంటింట్లోంచి ఏదో అంటోంది. "అవి పాటలా, పడవ మునిగినోళ్ళ కేకలా" అనేగా? ఇరవయ్యేళ్ళుగా ఇదే మాట. ఈస్టరు ముందు శ్రమల కాలంలో ఆ వారాలకి ఈ డబ్బాలో దాదాపు పాటలే ఉండవు. సంవత్సరం మొత్తంలో మీ అమ్మమ్మకి ఇష్టమైన రోజులవి.

మన మిన్నీ బే పేటలో వాళ్ళకి మాత్రం మహా కంగారు పట్టుకుంది మొదట్లో. ఆదివారం పొద్దున్న ఏడింటికి మా వరండాలో ఈ పాటలు. మన కులపెద్దలు ముగ్గురొచ్చారు. "ఏటి బావా, మతం మారిపోతున్నావటగా? గంగమ్మ పండక్కి నిన్ను పిలవాలా వద్దా?" అన్నారు. పిలవండి, పులిహోర ఎక్కువ పెట్టండి అన్నాను. తరవాత వారం పాస్టరుగారొచ్చారు, సంతోషంగా. "ఎప్పుడు పెట్టుకుందాం బాప్టిజం?" అన్నారు. అయ్యా, వానొస్తే గొడుగేసుకునేవాణ్ణి, నన్నెందుకు నీళ్ళలో ముంచుతారు అన్నాను. వాళ్ళకీ టీ ఇచ్చాను, వీళ్ళకీ టీ ఇచ్చాను. ఇటు రమ్మంటే ఇటు పోను, అటు రమ్మంటే అటు పోను. నా వరండా, నా కుర్చీ, నా ఆదివారం. జిద్దీ, మొండోడు అన్నారు. అననీ. వానలో తడిసిన తాడుకి ముడి విప్పడం కష్టం, నా బుర్ర కూడా అలాంటిదే. అది తెలివి అని నేనెప్పుడూ చెప్పుకోలేదు.

ఇప్పుడు నువ్వడిగిన డిస్కు దగ్గరికొద్దాం. చూడు, ఈస్టరు ఏటేటా ఒకే తేదీకి రాదు. మన పండగల్లాగే చంద్రుణ్ణి బట్టి ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఈస్టరైన కొన్ని వారాలకి త్రిత్వ ఆదివారం అని ఒకటుంది. అక్కణ్ణించి ఒకటో ఆదివారం, రెండో ఆదివారం అని లెక్కెట్టుకుంటూ పోతారు, క్రిస్మస్ ముందు వచ్చే అడ్వెంట్ దాకా. మామూలుగా ఆ లెక్క ఇరవై మూడో ఇరవై నాలుగో, మహా అయితే ఇరవయ్యారు దగ్గర ఆగిపోతుంది. ఈస్టరు మరీ తొందరపడి మార్చిలో ముందుగా వచ్చేసిందనుకో, అప్పుడు మాత్రమే ఇరవయ్యేడో ఆదివారం వస్తుంది. ఎన్నేళ్ళకో ఒకసారి పోటు నీళ్ళు రోడ్డెక్కుతాయి చూడు, అలాగ. ఆ ఆదివారానికీ ఒక పాట ఉంది. డబ్బాలో అట్టడుగున. థామస్ భయ్యా వినకుండానే పోయాడు, ఆయన చేతిలో డబ్బా ఉన్నన్నాళ్ళూ ఆ ఆదివారం రానేలేదు. దాని కథ మాత్రం నాకు చెప్పాడు. పెళ్ళికొడుకు ఆలస్యంగా వస్తాడట, పదిమంది ఆడపిల్లలు దీపాలు పట్టుకుని చూస్తుంటారట. అయిదుగురి దగ్గర నూనె అయిపోయిందట. నేను గ్రీజర్ని కదా, ఆ అయిదుగుర్నీ నా కింద పనికి పెట్టుకోను అన్నాను. డ్యూటీ ఎక్కేముందు ట్యాంకు చూసుకోరేటి?

2008లో వచ్చింది ఆ ఆదివారం. నవంబర్లో. నేను కొత్తగా రిటైరయ్యాను, చేతినిండా ఖాళీ. అప్పుడే అండమాను ఉత్తరం కొసన, డిగ్లీపూర్లో, మీ అమ్మమ్మ చెల్లెలి కూతురి పెళ్ళి. గురువారం పెళ్ళి, శుక్రవారం బోటులో తిరుగు ప్రయాణం, ఆదివారానికి ఇంట్లో ఉండాలి. లెక్క పక్కా. శుక్రవారం పొద్దున్న చూస్తే సముద్రం తెల్లగా నురగలు కక్కుతోంది. అందరూ బస్సెక్కారు. మీ అమ్మమ్మ బస్సు కిటికీలోంచి తల బైటపెట్టి, "ఎక్కవయ్యా!" అంది. నేను జెట్టీ మీద పెట్టె మీద కూచుని, "నన్నా బస్సెక్కమంటున్నావు? బోటు మీద అన్నం తిన్నవాణ్ణి. మధ్యాహ్నానికి వస్తుంది చూడు" అన్నాను. బస్సంటే నాకు చిన్నచూపు అని మనవాళ్ళందరూ అనుకుంటారు. అనుకోనీ అని ఊరుకున్నాను. నిజమేటంటే, నాకు బస్సు పడదు. దారి మధ్యలో బారాటాంగ్ దాకా కూడా రాకుండానే కక్కేస్తాను. తుఫాన్లో ఇంజన్ రూములో చేపల పులుసు తిన్నవాణ్ణి, బస్సులో కవరు పట్టుకుని కూచుంటే పరువుంటుందేటి?

బోటు రాలేదు. శనివారం రాలేదు. ఆదివారం పొద్దున్న ఏడయ్యింది, నేను డిగ్లీపూర్ జెట్టీ మీదే ఉన్నాను. నాకూ నా డిస్కుకీ మధ్య మొత్తం అండమాను. అప్పుడొక ఆలోచనొచ్చింది. ఇంటికి ఫోను కొట్టాను, మీ అమ్మమ్మ ఎత్తింది. "డబ్బా అడుగున ఉన్న డిస్కు ప్లేయర్లో పెట్టి, ఫోను స్పీకరు దగ్గర పట్టుకో."

"కరెంటు లేదు."

"ఎప్పుడొస్తుంది?"

"నేనేమన్నా పవర్ హౌసులో పనిచేస్తున్నానా? బస్సెక్కమంటే ఎక్కావా?"

పెట్టేసింది. ఆ రోజు కరెంటు నిజంగా పోయిందా, లేకపోతే... ఆఁ, అదిగో, "నిజంగానే లేదయ్యా" అని అరుస్తోంది చూడు. ఇన్నేళ్ళయినా ఇంత గట్టిగా చెప్తోందంటే నాకు అక్కడే అనుమానం.

తరవాతి ఆదివారానికి ఇంట్లోనే ఉన్నాను. కానీ అది అడ్వెంట్ ఆదివారం, దానికి దాని పాట ఉంది. వెళ్ళిపోయిన బోటుకి టికెట్టు పట్టుకుని నిలబడితే లాభమేటి? డిస్కు అడుగునే ఉండిపోయింది. మళ్ళీ ఎప్పుడని పాస్టరుగార్ని అడిగితే లెక్క చూసి మెల్లిగా, చావు కబురు చెప్పినట్టు చెప్పారు. 2035.

అప్పుడు దూరం అనిపించింది. ఇప్పుడు అందరూ అదే పాట. మీ నాన్న, "మావయ్యా, అంతా ఫోన్లోనే ఉంది, రెండు నిమిషాల్లో పెడతాను" అంటాడు. మీ అమ్మ, "పోనీ ఒక్కసారి నాన్నా, మా తృప్తి కోసం" అని ముక్కు తుడుచుకుంటుంది. మొన్న ఆ పాస్టరుగారు కూడా, "దేవుడేమీ అనుకోడండీ, విని వెళ్ళండి" అన్నారు. ఆయన అనుకోడని నాకూ తెలుసు. అనుకునేది నేను. అందరూ ఒక్కటైపోయారు నన్ను...

ఏయ్. ఏటది? ఏటా చప్పుడు? ఆ పాటే పెట్టేశావా ఫోన్లో? ఆపు! ఆపమన్నానా! ఓలమ్మో, ఇది మోసమే, ఇది దగా! లలలలా, లలలలా, నాకు వినపడ్డంలేదు, ఏమీ వినపడ్డంలేదు! ఆపావా? నిజంగా? చెయ్యి తీస్తున్నాను చెవి మీంచి. మళ్ళీ పెట్టావంటే ఆ ఫోను బావిలో ఉంటుంది.

వయొలిన్లు రెండు మూడు అడుగులు వేసినట్టు వినపడింది. అది లెక్కలోకి రాదు. రాదంతే. ఎదురింటివాడు కూర వండితే వాసనొస్తుంది, అంతమాత్రాన మనం భోంచేసినట్టు కాదు.

అరే, ఏడుస్తావేటి? రా, ఇలా కూచో. నేను అరిచింది నీ మీద కాదు. సరే, నీ మీదే. తల్లీ, మీరందరూ ప్రేమతోనే అంటున్నారు, నాకు తెలుసు. కానీ ఒక్క మాట విను. ఇప్పుడు ఆ పాట వింటే, విన్నది పాట కాదు. "ముసలాడు ఇక తిరిగి రాడు" అని మీరందరూ రాసిన కాయితం మీద నేను వేలిముద్ర వేసినట్టు. మంగళవారం నన్ను ఆ బల్ల మీద పడుకోబెడతారు కదా. అన్నీ వినేసి, ఇంకేం పనిలేదు అనుకునేవాణ్ణి పడుకోబెట్టడం వేరు. ఇంకా ఒకటి వినాల్సి ఉందిరా, తొందరగా కుట్టండిరా అనేవాణ్ణి పడుకోబెట్టడం వేరు. థామస్ భయ్యా చెప్పిన ఆగడం అంటే ఇదేనేమో. ఇదో కాదో, నాకు మాత్రం ఇదే. 

పోతే? పోతే పోతాను. వినకుండానే పోతాను. వాల్వు పోనీ, ఊపిరి పోనీ, నా ఆదివారాన్ని మాత్రం నేను ముందుకి జరపను. ఎనభైకి దగ్గరపడినవాడికి తొమ్మిదేళ్ళు ఎక్కువ అంటున్నారు. ఎవరికి ఎక్కువ? నాకేం ఎక్కువ కాలేదే.

నీకప్పటికి ముప్ఫై దాటుతాయి. ఏ ఊళ్ళో ఉంటావో, ఏ ఉద్యోగంలో ఉంటావో. ఎక్కడున్నా నవంబరు ఆఖరి ఆదివారం పొద్దున్న ఏడింటికల్లా ఈ వరండాలో ఉండాలి. మీ ఆయన్ని కూడా తీసుకురా, ఉంటే. బుద్ధిమంతుడైతేనే తీసుకురా. టీ నేను పెడతాను. మీ అమ్మమ్మ కరెంటు లేదంటే నమ్మకు, ముందు స్విచ్చి వేసి చూడు.

మొహం కడుక్కో పో. ఆగాగు, ఆ ఎర్ర చుక్క ఆపే ముందు ఇలా రా. వంగు, నా చెయ్యి అంత పైకి లేవడంలేదు. ఆఁ. నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ. నాకు తొమ్మిది చాలు.