నలగని దుప్పట్లు

హలో… ఆ, నేనే అక్కా… క్యాంపు నుంచి కాదు, ఆసుపత్రి నుంచి. కంగారు పడకు. గువ్వ బాగానే ఉంది. అంటే… ఇప్పుడు బాగానే ఉంది. సెలైన్ ఎక్కిస్తున్నారు.

…నీ కూతురే. ఇంకెవరి పిల్ల కోసం నీకు ఫోన్ చేస్తాను?

…ఎండదెబ్బ. పెరేడ్‌లో పడిపోయింది… లేదు, తలకేం తగల్లేదు. మోచెయ్యి గీరుకుంది, అంతే.

…పెద్దాఫీసరు వచ్చాడు కదా ఇవాళ. తొమ్మిదింటికి రావాల్సినవాడు పన్నెండున్నరకి దిగాడు… ఆ, అంతసేపూ. నిలబడే. కూర్చుంటే ఇస్త్రీ నలుగుతుందిట.

…జ్వరమా? నీకెవరు చెప్పారు?… నిన్న సాయంత్రం తనే ఫోన్ చేసిందా. ఊఁ. నిజమే, నూటరెండు ఉంది. క్యాంపు సిక్ రూమ్‌లోనే పడుకోబెట్టాం.

…అదే చెప్తున్నా, ఉండు. ఆయన సిక్ రూమ్ కూడా చూస్తాడని పొద్దున్నే మంచాలన్నీ ఖాళీ చేయించారు. కొత్త దుప్పట్లు పరిచారు, ఒక్క ముడత ఉండకూడదు. బయట బోర్డు మీద ‘ఈరోజు రోగులు – సున్నా’. పైన పటారం, లోన లొటారం… ఆ పిల్లల్నా? యూనిఫాం తొడిగి వెనక వరసలో కలిపేశారు.

…తలుపు దగ్గర నిలబడి చూశాడు. ‘ఒక్కరూ మంచం పట్టలేదా, భేష్’ అన్నాడు. లోపల కాలైనా పెట్టలేదు.

…ఎత్తలేదక్కా. వెంటనే ఎత్తలేదు. ఆయన ప్రసంగం నడుస్తోంది. క్రమశిక్షణ గురించి. ఎవరైనా పడిపోతే పక్కవాళ్ళు జరిగి ఖాళీ కనపడకుండా వరస సర్దాలి. అది మేం నేర్పేదే. పిల్లలు చక్కగా సర్దారు. గువ్వేమో వాళ్ళ కాళ్ళ వెనక…

…పావుగంట. ఇరవై నిమిషాలు కావచ్చు.

…నేనా… కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. నేను అక్కడే ఉన్నాను. నాలుగడుగుల దూరంలో. చూశాను.

…మంచం మీంచి లేపింది ఎవరంటే… నేనే. వేరేవాళ్ళు కాదు. ‘మామయ్యా, కళ్ళు తిరుగుతున్నాయి’ అంది. ‘పది నిమిషాలేనమ్మా, నా పరువు కాపాడు’ అన్నాను. వంగలేకపోతోందని బూట్ల తాళ్ళు కూడా నేనే కట్టాను.

…ఆ. ప్రమోషన్ జాబితాలో నా పేరుంది. కాగితం మీద ఆయన సంతకం పడాలి. అబద్ధం ఎందుకు.

…అను. కంచే చేను మేసిందను, పడతాను. పిల్ల నా కళ్ళముందే ఉంటుందని బావని ఒప్పించింది నేనేగా.

…ఏమందా? వద్దులే… వద్దక్కా, వినలేవు… సరే. కళ్ళు తెరిచి నన్ను చూసింది. ‘ఆయన వెళ్ళిపోయారా మామయ్యా? ఇప్పుడు పడుకోవచ్చా?’ అంది.

…

అక్కా, తిట్టు. 

…ఎవరికివ్వాలి?… డాక్టరమ్మకా. నాతో ఇంక వద్దా.

…సరే.

డాక్టరమ్మా, పిల్ల తల్లి. మీతో మాట్లాడుతుందట. నన్ను పిల్ల దగ్గర ఉండనివ్వొద్దని చెప్తుంది… అలాగే చెయ్యండి. ఇదిగోండి ఫోన్.