తుఫాను డ్రైవరు మాస్కు బిగించిన వైనం

మూడు నెలల తర్వాత లారీ తాళాలు చేతికొచ్చిన మనిషి నేరుగా లారీ ఎక్కి పోవాలి కదా! అలా పోతే అతను తుఫాను డ్రైవరు ఎందుకవుతాడు? తాళాల గుత్తిని లారీ షెడ్డు ముందున్న టీ కొట్టు బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టి, స్పెషల్ టీ చెప్పి, కాలు మీద కాలు వేసుకున్నాడు. పక్కనే అతని బావమరిది, బండ్లకు రంగులేసేవాడు, గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. పొద్దున్నే అతని అక్క, అంటే తుఫాను భార్య, ఒక మాట చెప్పి పంపింది. బండి కదిలేలోపు దాన్ని బావ చెవిన వేయాలి. నలుగురిలో ఎలా వేయాలో తెలియక టీ చల్లారబెట్టుకుంటున్నాడు.

తుఫాను సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు. రాత్రంతా ఉలిక్కిపడి లేవడం, పగలంతా స్టీరింగు మీద జోగడం. ఒకసారి పట్టపగలు కునుకు పట్టి బండిని రోడ్డు దించేశాడు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఓనరు తాళాలు లాక్కున్నాడు. డాక్టరు గాలి కొట్టే మిషను రాసిచ్చి, రోజూ మాస్కు పెట్టుకునే పడుకోవాలన్నాడు. ఎన్ని గంటలు పెట్టుకున్నదీ, గాలి ఎంత కారిందీ మిషనే గుర్తుపెట్టుకుంటుంది. ఆ రిపోర్టు బాగుందనే ఓనరు ఇవాళ తాళాలు ఇచ్చాడు.

"నీకెలా కుదిరింది తుఫానూ? మా అన్నయ్య రెండో రోజే ఆ మిషన్ని అటకెక్కించాడు" అంది టీ కొట్టు అక్క.

అడక్కపోయినా చెప్పేవాడు. అడిగాక ఆగుతాడా?

"కుదరడం కాదక్కా, నేనే కుదిర్చాను. మొదటి మాస్కు ముక్కూ నోరూ రెండూ మూసేది, అది పెట్టుకుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి 'ఎవరు కావాలి బాబూ' అంది. సరే అని రెండోది తెచ్చా, ముక్కు రంధ్రాల్లో రెండు బుడిపెలు పెట్టుకునేది, ఒకటే చక్కిలిగింత, తుమ్మితే అది ఎగిరి పక్కింటి మేడ మీద పడింది. మూడోది ముక్కు ఒక్కదానికే. మెత్తగా బాగానే ఉంది గానీ పక్కల్నుంచి గాలి తుస్సుమంటూ కళ్లలోకి కొడుతోంది. ఆసుపత్రిలో మిషన్లు చూసే అమ్మాయి 'పట్టీలు కాస్త వదులు చేయండి' అంది. చూడమ్మా, ముప్పై ఏళ్లుగా లోడు మీద టార్పాలిన్ కడుతున్నాను, ఒక్క మూట జారలేదు, గాలి దగ్గర వదులుగా ఉంటే కొంప మునుగుతుంది అని చెప్పి వచ్చేశా. ఒక కాలు మంచానికి తన్నిపెట్టి, పళ్లు బిగబట్టి లాగాను చూడు, టార్పాలిన్ కట్టు! ఇంక గాలి ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికి పోయింది?" అన్నాడు మెకానిక్కు. మిషను కోసం బ్యాటరీ నుంచి క్యాబిన్లోకి వైరు లాగి, అప్పుడే చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"నాలోకే! పొట్ట లేచింది, దుప్పటి లేచింది, మంచం లేచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నన్ను చూసి ఫ్యాను దానంతటదే ఆగిపోయింది. మంచంతో సహా కిటికీలోంచి బయటికెళ్లిపోయాను."

"కిటికీకి ఊచలు లేవా?"

"జరిగి దారిచ్చాయి. ఊరంతా కింద అగ్గిపెట్టెల్లా ఉంది. ఇంతలో ఎదురుగా విమానం! హారన్ కొట్టాను."

"మంచానికి హారనెక్కడిదయ్యా?"

"నా గురక! అదే ఆఖరి గురక, మళ్లీ కొట్టలేదు. పైలట్ మర్యాదగా సైడిచ్చాడు. ఆ విమానంలో ఎవరున్నారనుకున్నారు? మాస్కుల కంపెనీ ఓనరు! తల బయటపెట్టి 'అయ్యా, ఆ కట్టు మాకు నేర్పండి' అని దణ్ణం పెట్టాడు. ఇప్పుడు లోకంలో ఎక్కడ మాస్కు కొన్నా నా ముక్కు కొలతే, నా కట్టే. ఇవాళ రాత్రి క్యాబిన్లో ఇంకో అంగుళం బిగిస్తాను. బయట గాలి ఎక్కువ కదా!"

ఆ అంగుళం మాట వినేసరికి బావమరిది గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. నలుగురున్నారన్న మొహమాటం కూడా వదిలేశాడు.

"బిగించకు బావా. నీ కట్టుతో ఒక్క రాత్రి కూడా గాలి కారడం ఆగలేదు."

"ఏంట్రా వాగుతున్నావు? రిపోర్టు చూడలేదా?"

"ఆ రిపోర్టు అక్కది. నువ్వు బిగించి పడుకుంటావు. నీకు కునుకు పట్టగానే తుస్సుమని మొదలవుతుంది. అక్క లేచి రెండు పక్కలా పట్టీలు వదులు చేస్తుంది, రెండు వేళ్లు దూరేంత. చప్పుడు ఆగిపోతుంది. తెల్లారి నువ్వు లేవకముందే మళ్లీ బిగిస్తుంది. ఆ కట్టు గురించి నువ్వు అంత సంబరంగా చెప్పుకుంటుంటే కాదనలేకపోయింది. ఇవాళ రాత్రి నీ పక్కన అక్క ఉండదు బావా."

తుఫాను తాళాలు తీసుకుని లేచి, క్యాబిన్ ఎక్కి, మిషను ఆన్ చేసి, మాస్కు తగిలించుకుని వెనక బెర్తు మీద పడుకున్నాడు. తన పద్ధతిలోనే బిగించాడు. తుస్సుమంది. ఇంకాస్త లాగాడు. ఇంకా గట్టిగా తుస్సుమంది. వెనకే ఎక్కిన బావమరిది రెండు వేళ్లు చూపించాడు. తుఫాను పట్టీలు అంతవరకు వదిలాడు. క్యాబిన్ నిశ్శబ్దమైపోయింది.

తుఫాను మాస్కు తీసి అడిగాడు.

"అయితే రోజూ నిద్ర మానుకుందా అది?"

"కాసేపే బావా. తర్వాత హాయిగా పడుకుంటుందట. నీ ఊపిరి ఆగిందేమోనని రాత్రంతా చెవులు రిక్కించుకుని ఉండే పని తప్పింది, నాకంతే చాలు అంది."

ఆమె రుణం ఏం చేసినా తీరదనిపించింది తుఫానుకి. అయినా తుఫాను తుఫానే కదా, క్యాబిన్ తలుపు తీసి టీ కొట్టు వైపు కేకేశాడు.

"వినండర్రా! మా ఆవిడ పది టన్నుల లారీని రెండంటే రెండు వేళ్లతో రోడ్డు మీద నిలబెట్టింది!"

ఎలాగని ఎవరూ అడగలేదు. టీ కొట్టు అక్క చెయ్యెత్తి, వెళ్లిరమ్మంది.