తాడు కట్టిన కంప్యూటర్

డాక్టరు చూసే రోగులందరూ పాత కంప్యూటర్లే. బస్టాండు ఎదురు సందులో అతని కొట్టు, కొట్టును ఆనుకుని టీ బంకు, బంకు ముందు ఒక పొడుగాటి బెంచీ. చేతిలో పని ఉన్నా లేకపోయినా సాయంత్రమయ్యేసరికి డాక్టరు ఆ బెంచీ మీదే ఉంటాడు. అతను నోరు తెరిస్తే కోతలే. చుట్టుపక్కల వాళ్ళు ఆ కోతలంటే చెవి కోసుకునేవాళ్ళు.

ఇదివరకు అతను మొదలుపెట్టగానే అతని భార్య కొట్టు గుమ్మంలోకి వచ్చి నిలబడేది. కథ మేడెక్కి, మేడ మీంచి మబ్బెక్కబోతుంటే ఒక్క మాటతో గాలి తీసేసేది. బెంచీ అంతా గొల్లున నవ్వేది, అందరికంటే ఎక్కువ నవ్వేది డాక్టరే. ఎండలు ముదరకముందు ఆమెకు దూరపు ఊళ్ళో ఒక ప్రెస్సులో టైపింగు ఉద్యోగం వచ్చింది. "వెళ్ళమంటారా?" అని అడిగింది. "వెళ్ళు, నాకేం లోటు? నువ్వు లేవని గుర్తు రావడానికే నెల పడుతుంది" అని కోశాడు ఇతను. ఆ కోతకు ఆమె నవ్వలేదు. పెట్టె సర్దుకుని వెళ్ళింది.

అప్పట్నుంచీ బెంచీ మీదవాళ్ళు జాలిపడి అతను ఏం చెప్పినా తలూపుతున్నారు. డాక్టరుకు ఆ జాలి పంచదార ఎక్కువైన టీలా వెగటుగా ఉంది, కానీ ఎవరిని ఏమనగలడు?

ఒక సాయంత్రం బావమరిది వచ్చాడు. అక్క ఉండే ఊరి బస్సు నడిపేది అతనే.

"బావా, అక్క ప్రెస్సు పక్కనే మేడమీద వాటా ఒకటి చూసింది. కింద నువ్వు కొట్టు పెట్టుకోవడానికి చోటు కూడా ఉందట. నువ్వొస్తానంటే తీసుకుంటుంది, లేదంటే హాస్టల్లోనే ఉండిపోతుంది. ఇంటివాళ్ళు ఇవాళే మాట చెప్పమన్నారు. ఏం చెప్పను?"

వస్తానని చెప్పడానికి డాక్టరు ప్రాణం కొట్టుకుంది. కానీ నువ్వు లేకపోతే నాకేం అన్న నోటితోనే, నువ్వు లేక ఉండలేకపోతున్నానని ఎలా చెప్పడం? అదీ బంకు ముందు, అందరూ వింటుండగా. ఆ నోటికి అలవాటైన దారి ఒక్కటే, అందులోనే పడిపోయాడు.

"నేను కదిలితే ఈ ఊళ్ళో కంప్యూటర్ల గతేమిటోయ్? మీ అక్క కంప్యూటర్ సంగతి నీకెప్పుడైనా చెప్పానా?"

బావమరిది చేతిలో ఫోన్ బెంచీ మీద పెట్టి, "చెప్పు బావా, వింటాం" అన్నాడు.

"అది ఎంత ముసలిదంటే, పొద్దున్నే బటన్ నొక్కి, స్నానం చేసి, తల ఆరబెట్టుకుని వచ్చినా తెర మీద ఆ చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. మీ అక్క కొత్తది కొందామంది. నేనుండగా కొత్తదెందుకని, ఉన్నదాన్నే ఒలిచేశా. కింద ఉండే పట్టీ, పక్కన బొమ్మలు, మూల గడియారం, వెనకాల పూలతోట ఫోటో, అన్నీ పీకి పారేసి ఒక చిన్న విండో మేనేజర్ని కూర్చోబెట్టా. దానికి వచ్చిన పనల్లా తెరిచిన విండోని ఎక్కడ నిలబెట్టాలో చూడటం, అంతే, సోకులేం ఉండవు, మౌసుతో కూడా పనిలేదు. ఏ కీ నొక్కితే ఏం జరగాలో మనమే ఒక ఫైల్లో రాసుకోవాలి. మనం రాసిందే దానికి శాసనం. ఆల్ట్ కీ పట్టుకుని ఒకటి నొక్కితే మీ అక్క టైపింగు, రెండు నొక్కితే ఉత్తరాలు, మూడైతే పాటలు. ఒక్కో అంకెకి ఒక్కో తెర, ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్ళినట్టు."

"మంచి పనే చేశావు" అంది టీ కాచే పిన్ని. ఇక్కడిదాకా నిజమే మరి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బటన్ మీద వేలు పెట్టి తీసేలోపు తెర సిద్ధం. ఇది చాలదని ఆ ఫైల్లో ఇంకో రెండు లైన్లు చెరిపేశా. వేలు పెట్టకముందే సిద్ధం. ఇంకొక్క లైను తీశా, అంతే, నేను పక్క మీద దొర్లుతూ ఇవాళ ఆన్ చేద్దామా వద్దా అని అనుకుంటుంటే, అప్పటికే అది ఆన్ అయిపోయి, మీ అక్క మర్నాడు టైపు చెయ్యవలసిన పేజీ కూడా కొట్టేసి ఉండేది."

"ఆహా" అన్నాడు పక్కన కూర్చున్న దర్జీ, మెడలో టేపు సర్దుకుంటూ.

డాక్టరు అలవాటుకొద్దీ కొట్టు గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో ఎవరూ లేరు. సరే, ఇంకా పెంచితే ఎవరో ఒకరు కాదనకపోతారా అనుకున్నాడు.

"అంత తేలికైంది ఇక బల్ల మీద ఉంటుందా? ఒక మధ్యాహ్నం చూద్దును కదా, బల్లకీ దానికీ మధ్య బెత్తెడు సందు. గాల్లో ఉంది. ఫ్యాన్ వేస్తే కిటికీ వైపు బయల్దేరింది. నేను దాని తోక, అదే, వైరు పట్టుకుని వెనక్కి లాగి, బట్టలారేసే తాడు విప్పి బల్లకాలికి కట్టేశా. మీ అక్క స్టూలెక్కి టైపు చేసేది. కొన్నాళ్ళకి స్టూలు చాలక నిచ్చెన వేశాం. నేనేమో కింద నిలబడి, కాఫీ గ్లాసు కర్రకి కట్టి అందించేవాణ్ణి."

"తాడెంత పొడుగు?" అన్నాడు దర్జీ. కాదనడానికి కాదు, కొలతల మనిషి కాబట్టి అడిగాడు.

"నీ టేపుకి అందదులే. అసలు సంగతి విను. ఆల్ట్‌తో పాటు షిఫ్ట్ కూడా పట్టుకుని అంకె నొక్కితే ఎదురుగా ఉన్న విండో ఆ అంకె తెరలోకి వెళ్ళిపోతుంది. అది అందరికీ మామూలే. నేను రాసిన రాత విండోలతో ఆగలేదు. ముందు మంచం వెళ్ళింది. తర్వాత బీరువా. ఒకరోజు కుండపోత వాన, గుర్తుందా? ఈ సందు సందంతా, బంకు, బెంచీ, మీరూ, మీ గొడుగులూ, అన్నీ ఎత్తి ఐదో తెరలో పెట్టేసి, వాన వెలిశాక తెచ్చి దింపా. మీరంతా లోపలే ఉన్నారు కాబట్టి మీకు తెలిసే దారి లేదు."

"అందుకేనేమో ఆ రోజు నా పొయ్యి ఆరలేదు" అంది పిన్ని మెత్తగా, అతని గ్లాసు నింపుతూ.

ఆ మెత్తదనానికి డాక్టరు మళ్ళీ గుమ్మం వైపు చూశాడు. సందును ఎత్తి తెరలో పెట్టానన్నా, పోవయ్యా అన్నవాళ్ళు లేరు. పోండి, చెప్పొచ్చారు అనే ఆ ఒక్క గొంతు కోసం అతను ఇన్నాళ్ళూ ఈ కోతలన్నీ కోస్తూ వచ్చాడని అప్పుడు తెలిసొచ్చింది.

"ఇంకో కీ కూడా రాశా" అన్నాడు. ఈసారి గొంతు పెద్దగా లేవలేదు. "మనకి కావలసింది ఏ తెరలో ఉన్నా సరే, ఎంత దూరాన ఉన్నా సరే, ఆ కీ నొక్కితే చాలు, వచ్చి ఎదురుగా నిలబడుతుంది."

"నొక్కావా బావా?"

"అవసరం రాలేదు" అన్నాడు, గ్లాసులోకి చూస్తూ.

దర్జీ ఆహా అనబోయి మానేశాడు.

"ముందు బయటికొచ్చే కీ రాసుకోవలసింది" అంది ఒక ఆడగొంతు.

అందరూ గుమ్మం వైపు చూశారు. గొంతు వచ్చింది బెంచీ మీది ఫోన్లోంచి.

"పిన్నీ, నేను చెబుతా వినండి. మొదటిరోజు ఆ ఫైల్లో ఏం రాశారో ఏమో, ఏ కీ నొక్కినా ఏదీ తెరుచుకోలేదు. పోనీ మూసేద్దామంటే బయటికొచ్చే కీ రాయనే లేదు. నల్లటి తెర ముందు అన్నం కూడా మానేసి సాయంత్రం దాకా కూర్చున్నారు. ఏమైందండీ అంటే, ఇది చాలా లోతైన పని, నీకర్థం కాదు అన్నారు. చివరికి గోడకున్న ప్లగ్గు పీకింది నేనే."

బెంచీ మీద నవ్వు ఆగలేదు. దర్జీ టేపుతో కళ్ళు తుడుచుకున్నాడు. పిన్ని గరిటె పక్కన పెట్టేసింది. డాక్టరు కూడా పడీపడీ నవ్వాడు, నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళొచ్చాయి, అవి నవ్వువల్లేనని ఎవరైనా అనుకోవచ్చు.

"అక్క మొదట్నుంచీ లైన్లోనే ఉంది బావా" అన్నాడు బావమరిది. "నువ్వు నాకు సూటిగా చెప్పవని తనే ఫోన్ పెట్టెయ్యొద్దంది."

"ఏమండీ, కింద ఇంటావిడ నిలబడి ఉంది" అంది ఆమె. "వాటాకి ఏమని చెప్పను?"

"నేను లేకపోతే ఈ ఊళ్ళో..." అని అందుకున్నాడు డాక్టరు. మిగతా మాట నోటిదాకా వచ్చింది కానీ, దాన్ని అక్కడే మింగేశాడు.

"ఇక్కడ నన్ను కాదనేవాళ్ళు లేరే" అన్నాడు. "ఏం చెప్పినా తలూపుతున్నారు. ఇంటికెళ్తే చెప్పడానికి మనిషే లేదు. నువ్వు వెళ్ళిన రోజునుంచీ నాకేమీ బాగోలేదు. ఆ వాటా తీసేసుకో. నేనొచ్చేస్తా."

అవతల్నుంచి ఆమె అడిగింది, "ఇదీ కోతేనా?"

"కాదు" అన్నాడు డాక్టరు. అంత పొట్టి జవాబు అతని నోట రాగా ఆ బెంచీ మీద ఎవరూ ఎన్నడూ వినలేదు.