పదకొండో గడిలో కేబుల్

లేదు వదినా, మీరు ఎన్ని చెప్పినా నేను ఒప్పుకోను. మొదట్లోనే అన్నానా లేదా? గాలిలో పోయేదాన్ని నమ్ముకుని రక్తపరీక్షల ల్యాబ్ నడపొద్దు, తీగ అంటే తీగే అని. అప్పుడు మీరేమన్నారు? "చిన్నది కొత్తగా చదువుకుని వచ్చింది, దాని మాట కూడా విందాం" అన్నారు. విన్నారుగా. నిన్న పొద్దున తొమ్మిదింటి నుంచీ ప్రింటరు నుంచి ఒక్క రిపోర్టూ బయటికి రాలేదు.

ఆ టార్చి కాస్త ఇటు పట్టండి. మెట్ల కింద గది కదా, తల ఎత్తితే తగులుతుంది. పన్నెండేళ్ళుగా ఇందులో వంగి వంగి నా నడుం పోయింది.

దాని మీద కుళ్ళుతో అంటున్నానని అనుకోకండి. నా తోటికోడలు, నాకు చెల్లెలి లాంటిది. అది మీ చిన్న తమ్ముడి భార్య అయితే నేను పెద్ద తమ్ముడి భార్యని. మీకు ఇద్దరమూ ఒకటే అంటారు. సరే, ఒకటే అనుకుందాం.

మీరు ఈ ల్యాబ్ పెట్టినప్పుడు ఎవరున్నారు వదినా? ఎవరో ఆఫీసులో వద్దని పారేసిన మూడు కంప్యూటర్లు తెచ్చి, తుడిచి, విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించిందెవరు? మీకు గుర్తుందో లేదో, ఆ నల్ల తెర చూసి "ఇదేంటే, చెడిపోయిందా" అన్నారు. చెడిపోలేదు. దాని ముఖమే అంత. అడిగింది చేస్తుంది, అడగంది చేయదు. విండోస్‌లా పనిలో ఉండగా ఆపేసి, ఆగండి, ముందు నన్ను నేను బాగుచేసుకుంటాను అనదు. మనుషుల్లో కూడా అలాంటివాళ్ళు తక్కువ.

అటక మీద పాక్కుంటూ వెళ్ళి కేబుళ్ళు లాగాను. దేని పేరు దాని మీద ఉండాలి కదా, లేబుళ్ళు కొనడానికి వెళ్ళే తీరికెక్కడిది? మీరు రక్తం తీశాక చేతికి అంటించే తెల్ల ప్లాస్టరు ఉంటుందే, అది ముక్కలుగా చింపి, పెన్నుతో రాసి, ప్రతి తీగకీ రెండు కొసల్లోనూ చుట్టాను. కౌంటరు, పైగది, ప్రింటరు. ఇప్పుడు చూడండి. దాదాపు అన్నీ పీకేసి అచ్చు వేసిన లేబుళ్ళు అంటించింది మీ చిన్న మరదలు. నీలం ఒకటి, పసుపు ఒకటి. అందంగానే ఉన్నాయి, కాదనను.

నా సర్వరు నాలుగొందల పన్నెండు రోజులు ఒక్కసారి కూడా ఆగకుండా నడిచింది. అది సర్వర్లు చూసుకునేవాళ్ళకి ఎంత గొప్పో మీకు తెలీదు. ఆమధ్య భోజనాల దగ్గర ఆ మాటే అన్నాను. అదేమందో తెలుసా? "అక్కా, నాలుగొందల రోజులు ఆపలేదంటే ముఖ్యమైన అప్‌డేట్లు కొన్ని ఇంకా అమల్లోకి రానట్టే కదా" అంది. నవ్వుతూనే అంది. మీ తమ్ముడు కూడా నవ్వారు, నా పక్కన కూర్చుని.

అది నిజమే వదినా. అందుకే ఇంకా మండింది.

తర్వాత కౌంటర్లో విండోస్ వచ్చింది, పైగదికి వైఫై వచ్చింది. రిపోర్టులన్నీ ఎక్కడో ఎవరిదో కంప్యూటర్లో దాస్తారట, దానికి క్లౌడ్ అని పేరు. కౌంటర్లో అమ్మాయి నాతో "మేడమ్, ఇప్పుడు హాయిగా ఉంది" అంది. ఇప్పుడు హాయిగా ఉందంటే, పన్నెండేళ్ళు ఏడుస్తూ పనిచేసిందనేగా అర్థం? రక్తం తీసే అన్నయ్య అయితే, ఫోన్లోనే రిపోర్టు కనిపిస్తోందని పిల్లాడిలా అందరికీ చూపించాడు. నేను కూడా చూసి, బావుంది అన్నాను.

ఏం చూస్తున్నారు? వస్తున్నా, చెప్పేదానికే వస్తున్నా.

నిన్న అందరి ముందూ దాన్ని అంత మాట అన్నారు కదా మీరు. "నీ గాలి సోకుల వల్ల జనం రిపోర్టుల కోసం కూర్చున్నారు, ఇంక దేన్నీ ముట్టుకోకు" అని. అది వచ్చి గంట కూడా కాలేదు. అందరూ వైఫై వైఫై అంటే పాపం అదీ ముందు వైఫైనే చూస్తోంది. ఈ గది ఫోటోలు తీసుకుందో లేదో, మీరు తాళంచెవి లాక్కుని నా చేతిలో పెట్టారు. అది ముఖం దించుకుని వెళ్ళిపోయింది. అప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ తాళంచెవి ఇంటిదాకా పిడికిట్లోనే పట్టుకుని వెళ్ళాను.

వైఫై కాదు వదినా. వైఫైకి ఏ రోగమూ లేదు.

మొన్న ఆదివారం, కౌంటర్లో ఉండే ఈ తాళంచెవి తీసుకుని నేను ఇక్కడికి వచ్చాను. పాత సర్వరు చూసుకుని వస్తానని ఇంట్లో చెప్పాను, నిజానికి చిన్నదాని పనిలో వంకలు వెతకడానికే వచ్చాను. అరగంట వెతికాను. ఒక్కటీ దొరకలేదు. ఒక కేబుల్ కొస మాత్రం కిందికి వేలాడుతోంది, నా ప్లాస్టరు చుట్టిందే. తీగ కొస వేలాడితే నా చేతులు ఊరుకోవు. తీసి, కేబుళ్ళన్నీ వచ్చి కలిసే ఈ స్విచ్ పెట్టెలో పదకొండో గడి ఖాళీగా ఉంటే గుచ్చి, గది, లైటు ఆపి వెళ్ళిపోయాను. రెండో కొస ఎక్కడుందో చూడలేదు. అది ఇదే పెట్టెలో నాలుగో గడిలో ఉంది.

అంటే ఏమవుతుందంటారా? ఇటు నుంచి వెళ్ళిన మాట అటు నుంచి మళ్ళీ ఇందులోకే వస్తుంది. ఇది దాన్ని కొత్త మాట అనుకుని మళ్ళీ అందరికీ చెబుతుంది. అదే మాట లక్షసార్లు తిరుగుతుంటే అసలు మాటకి దారుండదు. మొదటి ఏడాది చదివేవాళ్ళకి కూడా తెలిసిన తప్పు. ఇలాంటిది జరిగితే తనే పట్టుకుని ఆపే కొత్త పెట్టె కొందామని చిన్నది పోయిన నెలలోనే అంది. నేను ఒంటికాలి మీద లేచాను. ఈ పెట్టె నేను ఏరి కొన్నదాయె.

నిన్న మీరు ఫోన్లో "ఆ పెట్టె లైట్లన్నీ ఒకేసారి పిచ్చిగా కొట్టుకుంటున్నాయి" అన్నప్పుడే నాకు తెలిసిపోయింది. అక్కడే ఒక్క మాట అంటే అయిపోయేది. మీరు చేత్తో రిపోర్టులు రాసుకుంటూ కూర్చున్నారు, జనం తిట్టుకుంటూ కూర్చున్నారు, దాన్ని మీరు కడిగేశారు. నేను పక్కనే నిలబడి విన్నాను.

ఇంకా అయిపోలేదు. ఇందాక, మనం తలుపు తీసే ముందు, నా ఫోనుకి ఇది వచ్చింది. చదువుతాను వినండి. "అక్కా, నిన్నటి ఫోటోలో ఇప్పుడే చూశాను. నాలుగో గడి, పదకొండో గడి, రెండింట్లోనూ మీ ప్లాస్టరు కేబులే. ఎప్పుడో పొరపాటున తగిలి ఉంటుంది. పదకొండోది లాగేస్తే చాలు. తాళం మీ దగ్గరే ఉందిగా, మీరే బాగుచేశానని వదినకి చెప్పండి. నేనెవరికీ చెప్పలేదు."

ఇదిగో, లాగేశాను. చూడండి, లైట్లు నెమ్మదించాయి. బయట ప్రింటరు మొదలైంది, వినిపిస్తోందా?

వదినా, తిట్టండి, నిన్న దాన్ని తిట్టినట్టే తిట్టండి.

అది కనిపెట్టినందుకు కాదు నా కడుపుమంట. ఆ మాత్రం నేనూ కనిపెడతాను. అలాంటి ఫోటో దాని మీద నాకు దొరికి ఉంటే ముందు మీకు పంపేదాన్ని, ఆ వెంటనే మీ తమ్ముడికి. అది నాకు పంపింది. చదువు దానికే, మెప్పు దానికే, చివరికి ఆ మంచితనం కూడా దానికే ఉండాలా? ఆ మంచితనం మీద కూడా కుళ్ళుకుంటున్నాను, ఏం చేయమంటారు నన్ను?

తీసుకోండి తాళంచెవి. దాన్ని పిలిచి ఆ కొత్త పెట్టె కొనమనండి. ఫోను మాత్రం మీరే చేయండి వదినా. నేను చేస్తే మళ్ళీ "అక్కా" అంటుంది.