జెనీ పేరు మీద వచ్చిన గది

హలో… ఆ బెర్నిస్, నేనే, చెస్టర్‌ని. ఈ గదిలో ఇంకెవరు ఎత్తుతారు ఫోను? బొద్దింకలకి చేతులు ఖాళీ లేవు…

నాలుగింటికే చేరాను. స్క్రాంటన్ నుంచి బస్సు నిండా ముసలివాళ్ళమే. ముందు సీటావిడ అట్లాంటిక్ సిటీ వచ్చేదాకా తన మోకాళ్ళ కథ చెప్పింది… లేదు, నీ మోకాళ్ళ గురించి నేనేం చెప్పలేదు.

గది ఎలా ఉందనా?…

గది బాగానే ఉంది.

…సరే, బాగాలేదు. నువ్వు ఎత్తకపోతే నీ ఫోను మెషీన్‌లో షవర్ పాడైన సంగతి ఒక్కటే చెప్పి పెట్టాను. మిగతాది చెబితే టేపు చాలదని.

తివాచీ… దాని రంగేమని చెప్పను? ఎవరో పెళ్ళి విందంతా తిని కక్కుకుంటే, అది చూసి ముచ్చటపడి నేయించినట్టుంది… అవును, బఠాణీలతో సహా. దుప్పటి నిండా సిగరెట్టు కన్నాలు. పిల్లలకి సైన్సు చెప్పినవాణ్ణి కదా, సప్తర్షి మండలం దాకా గుర్తుపట్టాను…

టీవీలో ఒకటే చానెల్. పేకాటలో ముక్క ఎప్పుడు అడగాలో ఒకమ్మాయి నవ్వుతూ నేర్పుతోంది. లేచి ఇంటికి ఎప్పుడు పోవాలో మాత్రం చెప్పదు.

సముద్రమా? కనపడుతుంది! కుర్చీ ఎక్కి, అద్దానికి చెంప ఆనించి, ఒక కన్ను మూసుకుంటే… రెండు గోడల మధ్య నీలంగా చీలిక…

దిగానులే. దిగాను! మీ అక్క కూడా ఇలాగే అరిచేది.

ఆ, ఆ షవర్ చప్పుడే. ఇంకా ఆగలేదు. తిప్పితే రాలేదు, గుద్దితే వచ్చింది, వచ్చాక పోనంటోంది… పిడి నా చేతిలోకి ఊడొచ్చింది. ఇదిగో, బల్ల మీద పెట్టాను, కాగితాలు ఎగరకుండా.

అయినా అన్నీ చెడ్డవే అనకు. దిండు మెత్తగా ఉంది. చదువుకోడానికి దీపం సరిగ్గా భుజం వెనకే ఉంది. గది సర్దే మనిషి ఎవరో గానీ, తువ్వాలుని హంసలా మడిచింది. ఆ హంసకి మెడ వాలిపోయింది, కానీ ప్రయత్నం చూడు… కిటికీ బయట సముద్రపు కాకి ఒకటి ఒంటికాలి మీద నిలబడి నన్నే చూస్తోంది. మన ఫాదర్ చందా పళ్ళెం చూసినట్టు.

…వద్దు. కిందికి ఫిర్యాదు వద్దు బెర్నిస్… ఎందుకేమిటి? ఈ జూదశాలవాళ్ళ సభ్యత్వ కార్డు జెనీది. నా పేరు దాని కింద తోక. గది మార్చాలంటే కార్డున్న మనిషే వచ్చి సంతకం పెట్టాలట. ఎక్కణ్ణించి తేను మీ అక్కని?

కౌంటర్ అమ్మాయి అడిగింది, మీ ఆవిడ ఏరీ అని. వెనకాల వస్తోంది, టోపీలు బేరమాడుతోంది అన్నాను… అవును, అబద్ధమాడింది నేనే. ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే నేనే. తడబడను కూడా లేదు.

…తెలుసమ్మా. ఆవిడ పోయి మార్చికి ఏడాది దాటింది. నాకు తెలీదా?

విను. బ్యాంకువాళ్ళు ఆవిడ పేరు కొట్టేశారు. ఓటర్ల జాబితాలో కొట్టేశారు. లైబ్రరీవాళ్ళు కొట్టేసి, సారీ కూడా చెప్పారు. మన చర్చి కాగితంలో పుట్టినరోజుల వరసలోంచి తీసేసి, ఆ చోట రొట్టెల అమ్మకం ప్రకటన వేశారు. ఈ జూదశాలవాళ్ళొక్కళ్ళే జెనీకి పూర్తి పేరు పెట్టి రాశారు… "ప్రియమైన జెనవీవ్, నీ పుట్టినరోజు మాకు గుర్తుంది, మా అతిథిగా రెండు రోజులు ఉండిపో" అని. కింద సిరాతో సంతకం…

అచ్చేసిన సంతకమే. నాకు తెలుసు అచ్చేనని. భూతద్దం పెట్టి చూశాను.

ఆవిడ లేదని చెప్పిన నిమిషంలో వీళ్ళూ మీట నొక్కి పేరు తీసేస్తారు. ఇక ఆవిడ పేరున ఉత్తరం రాసేవాడు భూమ్మీద ఒక్కడూ మిగలడు… అందుకే, ఈ కక్కు తివాచీ మీద నోరు మూసుకుని కూర్చున్నాను.

…ఏంటి?

ఏం చేశావ్?

…మెషీన్‌లో నా మాటలు వినగానే? నేరుగా ఈ హోటలుకే ఫోన్ చేశావా? ఎవరని చెప్పుకున్నావు?…

"నేను మిసెస్ నోవిట్స్కీని" అన్నావా, మీ అక్కవైపోయి!

…మరేం, గొంతు కలుస్తుంది మీ ఇద్దరికీ… నోరు కూడా కలుస్తుంది. మేనేజర్ని ఏమన్నావు?… అయ్యో దేవుడా. ఆ మాట జెనీ కూడా అనేది కాదు.

ఆగు. తలుపు కొడుతున్నారు. పెట్టేయకు, ఫోన్ ఇక్కడే మంచం మీద పెడుతున్నాను.

ఎవరు?… ఆ, నేనే, నోవిట్స్కీ… షవర్ బాగుచెయ్యడానికా? హెక్టరా మీ పేరు? రండి… అంటే, గుమ్మం దాకా రండి. అవును, మా ఆవిడే ఫోన్ చేసింది… బాగా తిట్టిందా? క్షమించండి. మనసు మంచిది.

ఇప్పుడా? ఇప్పుడు కుదరదు. ఆవిడ… స్నానం చేస్తోంది.

…అదే, ఆ చప్పుడే… అరగంట పడుతుంది. ఆవిడకి ఎప్పుడూ అంతే పడుతుంది.

…మీ కాగితంలో ఉందా? పుట్టినరోజని? అయ్యో, అవసరం లేదు హెక్టర్, మీరు… అయ్యా…

…

…ఆవిడకి వినపడదు. నీళ్ళ చప్పుడు కదా… చెబుతాను. మీరన్నారని తప్పకుండా చెబుతాను. అరగంటాగి రండి.

బెర్నిస్… ఉన్నావా?

విన్నావా? నా వయసువాడే. బరువైన పనిముట్ల పెట్టె కింద పెట్టి, టోపీ తీసి, బాత్‌రూమ్ తలుపు కేసి తిరిగి… "మిసెస్ జెనవీవ్, పుట్టినరోజు శుభాకాంక్షలు" అన్నాడు. అనేసి పోలేదు. జవాబు కోసం నిలబడ్డాడు.

…నేనూ నిలబడ్డాను. అతని పక్కన.

ముక్కు చీదుకో… నేనా? నాది షవర్ తేమ.

లేదు. ఇంక అబద్ధం ఆడను. ఆ మేనేజరుకి రోజుకొకటి చెప్పగలను గానీ, టోపీ తీసిన మనిషికి చెప్పలేను. అరగంటయ్యాక వస్తాడుగా, ముందు అతనితో చెబుతాను. తర్వాత కిందికెళ్ళి కార్డు ఇచ్చేస్తాను… పోతే పోనీ ఉత్తరాలు.

…నువ్వా? నువ్వు రాస్తావా? ఆవిడ పేరునా?

…నీ చేతిరాత పోస్ట్‌మ్యాన్‌కి అర్థమైతే కదా!

…రాయి. రాయి బెర్నిస్. "ప్రియమైన జెనవీవ్" అనే మొదలుపెట్టు. సంతకం మాత్రం అచ్చు వేయించకు.

గుర్తుందా, చిన్నప్పుడు మీ ఇంట్లో ఆవిడ స్నానానికి దూరితే నువ్వు తలుపు బాదేదానివట… ఆ, చెప్పులతో. వేడినీళ్ళు చుక్క మిగిల్చేది కాదు. నలభై ఏళ్ళు నాకూ చన్నీళ్ళే.

హెక్టర్ రావడానికి ఇంకా చాలాసేపుంది. ఆగు, ఈ ఫోను తీగ ఎంత దూరం సాగుతుందో చూస్తాను… వస్తోంది… వచ్చింది. బాత్‌రూమ్ తలుపు దాకా వచ్చింది.

ఇంక మాట్లాడకు, ఆ నీళ్ళ చప్పుడు విను. ఫోన్ ఇక్కడ నేల మీద పెడుతున్నాను, ఈ దరిద్రపు తివాచీ మీదే.

…తలుపు బాదకు ఈసారి. ఆవిడ స్నానం కానివ్వు.