నాలుగో పరుపు

"పంపు లేదండీ. నాలుగు గాలి పరుపులు, ఈ నోటితో ఊదాను," అన్నాడు సీట్ల మేస్త్రి, టీ గ్లాసు బల్ల మీద పెట్టి మీసం తుడుచుకుంటూ.

అన్నది మాతో కాదు. మేమంతా విని విని అరిగిపోయిన చెవులవాళ్ళం. ఆ పూట వాడికి కొత్త చెవులు దొరికాయి. పార్సిల్ బండి నడిపే ఒకాయన తన బ్యాటరీని నా కొట్లో చార్జింగ్‌కి పెట్టి, అది ఎక్కేదాకా చేసేదేమీ లేక ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు. మేస్త్రిది నా పక్క కొట్టు. కార్లకీ వ్యాన్లకీ సీటు కవర్లు కుడతాడు. ఇరవై ఏళ్ళుగా వాడి మిషనూ వాడి నోరూ పోటీపడి ఆడుతుంటే మధ్యలో నేను బ్యాటరీలు బాగుచేసుకుంటున్నాను. ఆ రోజు మాత్రం మిషను ఆడలేదు. పొద్దున్నే పెద్ద మూట ఒకటి చంకలో పెట్టుకుని వచ్చి, దాన్ని బల్ల కిందకి తోసి కూర్చున్నాడు. పదకొండైనా లేవలేదు.

"ఎక్కడండీ ఊదింది?" అన్నాడు పార్సిలాయన మొహమాటంగా.

అంతే, దొరికిపోయాడు.

"పరాయి దేశంలోనండీ! మా ఆవిడ నర్సు. అక్కడి ఆసుపత్రివాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. ఎలాగూ కాపురం ఎత్తేసి అక్కడికే పోవాలనుకుంటున్నాం కదా, పది రోజులు పిల్లలతో సహా వెళ్ళి ఆ గాలీ నీరూ బడీ వీధీ చూసొద్దాం అన్నాన్నేను. హోటలు రేటు వినేసరికి మా ఆవిడ మంచం మీద కూర్చుండిపోయింది. ఏమే, ఇంట్లో ఇంత పనివాణ్ణి పెట్టుకుని హోటలెందుకే నీకు అన్నాను. అక్కడ ఊరి చివర టెంట్లు వేసుకునే మైదానాలుంటాయట, కుళాయి ఉంటుందట, స్నానాల గదులుంటాయట, మనిషికింతని కట్టి ఉండొచ్చట. టెంటు నేనే కుడతాను పదండి అన్నాను. కొట్లో నేల ఊడ్చి అందర్నీ వరసగా పడుకోబెట్టి చుట్టూ సుద్దతో గీశాను. మా ఆవిణ్ణి, బాబుని, పాపని. నన్నేమో పాప గీసింది, చెవులు కాస్త పెద్దవి గీసింది లెండి. నాలుగు బొమ్మలకీ కొలత తీసి, వ్యాన్ల పైకప్పులకి వేసే గుడ్డతో కుట్టిపారేశాను. జానెడు ఎక్కువ లేదు, జానెడు తక్కువ లేదు. నా కొలత ఎప్పుడైనా తప్పిందా? అడగండి వీణ్ణి."

"తప్పలేదు," అన్నాను. ఆ ఒక్క ముక్కా నిజం.

"చూశారా! సరే, ఆ మైదానంలో దిగాం. చుట్టూ అన్నీ దుకాణంలో కొన్న టెంట్లు, ఒక్కొక్కటీ ఒక్కో రంగు. పక్క టెంటాయన పంపు పెట్టి తొక్కుతున్నాడు, తొక్కుతున్నాడు, పరుపు చపాతీలాగా అలాగే ఉంది. నేను మా పరుపు గొట్టం నోట్లో పెట్టుకున్నాను. ఒక్క గుక్క. లేచింది పరుపు! నాలుగు గుక్కలు, నాలుగు పరుపులు. ఆయన పంపు పట్టుకుని అలా చూస్తుండిపోయాడు. పాపం కదా అని వాళ్ళవి కూడా ఊదిపెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వరసకట్టారండీ! పరుపులు పట్టుకుని ఒకళ్ళు, పిల్లల ఈత టైర్లు పట్టుకుని ఒకళ్ళు. ఒకావిడ సైకిలు తోసుకొచ్చింది, ఇదీ కాస్త చూడు బాబూ అని. సాయంత్రానికి నూట ఎనభై టెంట్ల పరుపులు ఊదాను, నా మొహాన చెమట పడితే ఒట్టు."

ఇక్కడ దగ్గొచ్చింది. చిన్న దగ్గు కాదు, భుజాలు రెండూ కదిలిపోయే దగ్గు. టీ కొట్టు నడిపే చెల్లెమ్మ గ్లాసులో వేడినీళ్ళు పోసి ముందు పెట్టింది.

"నవ్వు ఆపుకుంటే ఇలా అవుతుంది," అన్నాడు వాడు పార్సిలాయనతో, కళ్ళు తుడుచుకుని. "మబ్బు సంగతి గుర్తొచ్చింది. రెండో రోజు మబ్బు పట్టిందండీ, నల్లగా, ఏనుగులు దిగినట్టు. టెంట్లవాళ్ళంతా సామాన్లు సర్దుకుంటున్నారు. నేను బయటికొచ్చి ఇలా నడుం మీద చేతులేసుకుని ఉఫ్ అన్నాను. మబ్బు వెళ్ళి పక్క ఊరి మీద పడింది. అక్కడివాళ్ళకి కోపం రాదూ? ఆ ఊరి జనమంతా ఒక్కసారి ఊది వెనక్కి పంపారు. మళ్ళీ ఉఫ్. వాళ్ళు అటునుంచి, నేనొక్కణ్ణే ఇటునుంచి. మూడు గంటలు ఆడుకున్నాం ఆ మబ్బుతో. చివరికి అదే విసుగొచ్చి సముద్రంలో దిగిపోయింది."

"వానలో తడిసి ముద్దయ్యామని చెప్పింది కదరా పాప?" అన్నాన్నేను.

"అది ఒకటో రోజు వాన. నేను చెప్పేది రెండో రోజు సంగతి. నువ్వు బ్యాటరీలో నీళ్ళు చూసుకో. ఆఁ, వీడి మాటలకేం గానీ, ఎలుగుబంటి వచ్చింది వినండి."

"మొన్న అది కుక్క."

"మొన్న నాకు సరిగ్గా గుర్తు లేదు. ఎలుగుబంటేనండీ, ఈ టీ కొట్టంత ఉంది. టెంటు జిప్పు తీసుకుని, చెప్పులున్న చోట కాళ్ళు తుడుచుకుని మరీ లోపలికొచ్చింది. పిల్లలు మా ఆవిడ వెనక నక్కారు. నేను దాని మొహం మీద మెల్లిగా ఊదానంతే, పసిపిల్లకి ఊదినట్టు. ఆవలించింది. నాలుగో పరుపు మీద, అంటే నా పరుపు మీద, ఎక్కి పడుకుంది. గురక! ఆ గురకకి టెంటు తాళ్ళు బిగుసుకుని వదులయ్యాయి, బిగుసుకుని వదులయ్యాయి."

"మరి మీరెక్కడ పడుకున్నారండీ?"

వాడొక్క క్షణం తడబడ్డాడు. నేను చూశాను.

"నేను పడుకోలేదు. కూర్చున్నాను. ఇంటి పెద్దన్నవాడు కూర్చోవాలి కదండీ," అని వేడినీళ్ళు ఒక గుక్క తాగాడు. "అసలైంది ఇప్పుడుంది. ఆరో రోజు గాలి లేచింది. మేకులన్నీ టపాటపా ఊడిపోయి, టెంటు పైకి లేచిపోయింది! నలుగురం లోపల. మా ఆవిడ గిన్నెలు పట్టుకుంది, బాబు ఆవిడ కొంగు పట్టుకున్నాడు, పాప నన్ను పట్టుకుంది, నేను ఊదుతున్నాను. ఎడమ జిప్పు తీస్తే ఎడమకి తిరుగుతోంది, కుడి జిప్పు తీస్తే కుడికి. పోతూ పోతూ ఆసుపత్రి పైన ఆపాను. మా ఆవిడ దిగి ఇంటర్వ్యూ ఇచ్చి, ఉద్యోగం తీసుకుని మళ్ళీ ఎక్కింది. అక్కణ్ణుంచి బడి. పాప కిటికీలోంచి వంగి బోర్డు మీద లెక్క చెప్పేసింది, పంతులమ్మ ఇద్దరినీ చేర్చుకుంటున్నాను పొండి అంది. ఆ తర్వాత ఎక్కడ దిగామో తెలుసా?"

"ఎక్కడండీ?" పార్సిలాయన బల్ల అంచుకి జరిగాడు.

"వీసా ఆఫీసు మేడ మీద! పెద్దాఫీసరు స్టాంపు చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. ఇంత దూరం ఈ టెంటుని ఊదుకొచ్చిన మగాడెవడయ్యా అన్నాడు. నేనేనండీ అన్నాను. ఆయన నా చొక్కా గుండీ తీసి, ఛాతీకి చెవి ఆనించి విన్నాడు. చాలాసేపు విన్నాడండీ. లేచేసరికి ఆయన కళ్ళల్లో నీళ్ళు. 'అద్దంలా ఉన్నాయయ్యా నీ ఊపిరితిత్తులు, ఒక్క మచ్చ లేదు, మా దేశం మొత్తం వెతికినా ఇలాంటి జత దొరకదు, నీకు ఎక్స్‌రే తీయమన్నవాడెవడో చూపించు, వాణ్ణి ఇప్పుడే పీకేస్తాను' అన్నాడు. ఢమ్, ఢమ్, ఢమ్, ఢమ్! నాలుగు స్టాంపులు. లెక్కపెట్టుకున్నాను, నాలుగు. రేపు పొద్దున్నే విమానం. నలుగురం వెళ్ళిపోతున్నాం."

పార్సిలాయన తొడ చరిచి నవ్వాడు. మేమెవ్వరం నవ్వలేదని ఆయన చూసుకోలేదు. చెల్లెమ్మ పొయ్యి మంట తగ్గించి, వెనక్కి తిరిగి, కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతోంది.

"ఆ మూటలో ఉన్నది ఆ టెంటేనా అండీ? పరుపు కూడా ఉందా? ఏదీ, ఒక్క గుక్క ఊది చూపించండి. ఇంటికెళ్ళి మా పిల్లలకి చెప్పుకుంటాను," అన్నాడాయన. ఏ కపటమూ లేకుండా అడిగాడు. అడ్డుపడదామని నేను నోరు తెరిచేలోపే వంగి మూట ముడి విప్పాడు. మడత పెట్టిన టెంటు గుడ్డ మీద పరుపు ఒకటి ఉంది, దుకాణంవాడి ప్లాస్టిక్ సంచిలో, అతుకు కూడా ఊడకుండా.

"ఇది విప్పనే లేదే," అన్నాడు పార్సిలాయన.

మేస్త్రి ఆ సంచిని ఆయన చేతిలోంచి లాక్కుని పళ్ళతో చింపాడు. గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. వద్దన్నాను. వినలేదు. ఒక గుక్క ఊదాడు, పరుపు మూల కాస్త ఉబ్బింది. రెండోది ఊదాడు. మూడోదానికి దగ్గు పట్టుకుంది. ఎంతకీ ఆగదే! మొహం నల్లబడింది, వీపు రాస్తుంటే నా చేతికింద ఎముకలు తగులుతున్నాయి. వాడు వదిలేసిన గొట్టంలోంచి గాలి మెల్లిగా బయటికి పోయింది.

పార్సిలాయన లేచి నిలబడిపోయాడు. "అయ్యో, నేనేదో సరదాకి..."

"మీ తప్పేం లేదండీ," అంది చెల్లెమ్మ. చేతులు తుడుచుకుని వచ్చి మేస్త్రి ఎదురుగా నిలబడింది. "అన్నయ్యా, ఆ పది రోజులూ నువ్వు ఇక్కడే ఉన్నావు. ఈ బల్ల మీదే. రోజూ పాప ఫోన్ చేస్తే అందరికీ వినపడేట్టు పెట్టుకుని విన్నావు. పరుపులు వదిన ఊదింది. వాన పడితే పక్క టెంటాయన గొడుగిచ్చాడు. ఇవన్నీ మేమూ విన్నాం. వదిన పొద్దున్నుంచి నాకు రెండుసార్లు ఫోన్ చేసింది, పని అయిందా అని. ఏం చెప్పను నేను? రేపు ఈ పాటికి వాళ్ళు గాల్లో ఉంటారు. ఉన్న ఒక్క రోజూ నువ్విక్కడ కూర్చుని ఎవరికో ఎలుగుబంటి కథ చెప్తున్నావు. ఇంటికి పో అన్నయ్యా."

ఇన్ని నెలల్లో మాలో ఎవ్వరం అనని మాట అది. మేస్త్రి తల దించుకున్నాడు. ఏదో ఒక కొత్త అబద్ధం ఆడతాడనుకున్నాను, ఆడితే బాగుండుననుకున్నాను.

"స్పాంజి పొడి," అన్నాడు చివరికి, పార్సిలాయనతోనే. "సీట్లలో వేసే స్పాంజి కోసి కోసి లోపలికి పోయిందట. టెంటు కుట్టేశాక, వీసాకని ఎక్స్‌రే తీస్తే తెలిసింది. నాకు తప్ప ముగ్గురికీ వీసా ఇచ్చారు, పోయి చూసొచ్చారు. మళ్ళీ తీసిన ఎక్స్‌రేకి పోయిన నెల జవాబొచ్చింది. ఈ ఛాతీతో నన్ను రానివ్వరటండీ, ఎప్పటికీ. ఆవిడ ఉద్యోగంలో చేరే తేదీ దాటిపోతే అదీ పోతుంది. వెళ్ళనంది. నేనే తిట్టి ఒప్పించాను. పిల్లలు బాగుపడతారు కదా. కానీ నాకు భయంగా ఉందండీ. రేపు ఆ ఇంటి తాళం తీసి లోపలికెలా వెళ్ళాలో నాకు తెలియట్లేదు."

"మరి ఈ టెంటు?"

"అక్కడ ఇల్లు దొరికేదాకా మళ్ళీ ఇందులోనే ఉండాలి. పోయినసారి నా చోటు ఖాళీగా ఉంది కదా, అటునుంచి చలి కొట్టిందట. పాప బూట్లు పెట్టుకుందట అక్కడ. ముగ్గురికి సరిపడా తగ్గించమంది మా ఆవిడ. లోపలికి మడిచి కుడదామనుకున్నాను, ఎప్పుడైనా విప్పుకోవచ్చు కదా. తూకం వేస్తే విమానానికి సంచి బరువు ఎక్కువైంది. కోసెయ్యాల్సిందే." టెంటు గుడ్డ అంచు తిప్పి చూపించాడు. సుద్ద గీత ఉంది. "మూడు రోజులైంది గీసి."

నేను లేచి ఆ గుడ్డ ఒక కొస పట్టుకున్నాను. పార్సిలాయన రెండో కొస పట్టుకున్నాడు, అడక్కుండానే. చెల్లెమ్మ బల్ల తుడిచింది. మేస్త్రి చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి, చెరిగిపోయిన చోట గీత మళ్ళీ గీశాడు. నడుముకున్న కత్తెర తీశాడు. ఇరవై ఏళ్ళుగా కోస్తున్న చెయ్యి అది, గీత మీద గీతలాగా పోయింది.

తెగిన ముక్క బల్ల మీద పడింది. మనిషి పొడుగు, మనిషి వెడల్పు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఎప్పుడూ కారే ఈ టీ కొట్టు కప్పుకి పనికొస్తుందని తట్టి, నామీద నాకే సిగ్గేసింది.

చెల్లెమ్మ ఫోన్ మోగింది. చూసి, మేస్త్రికి అందించింది. అవతల గొంతు మాకు సరిగ్గా వినపడలేదు, ఏదో అడిగింది.

"ఆ, అయిపోయిందే," అన్నాడు వాడు. గొంతు సవరించుకున్నాడు, దగ్గు రాకుండా ఒక చేత్తో ఛాతీ అదిమిపెట్టుకున్నాడు. "అంచు కుట్టు వేసుకుని వచ్చేస్తున్నాను. లేదు, గాలి దూరదు. ముగ్గురికీ సరిగ్గా సరిపోతుంది. నా కొలత ఎప్పుడైనా తప్పిందా?"